రా సిల్క్ మీద తామర: గులాబీ నుంచి క్రీముకు షేడ్ కలవడం లేదు, మధ్యలో బట్ట కనిపిస్తోంది

రాణీపింక్:
అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర చిన్న కంప్యూటర్ వర్క్ (మెషిన్ ఎంబ్రాయిడరీ) షాపు. 12 సూదుల సింగిల్ హెడ్ మెషిన్ ఒక్కటే ఉంది. ఇన్నాళ్లూ రెడీమేడ్ డీఎస్‌టీ ఫైళ్లు (మెషిన్ చదివే డిజైన్ ఫైళ్లు) కొనుక్కుని వేసేదాన్ని, ఆరు నెలల నుంచి పంచింగ్, అంటే బొమ్మను కుట్ల ఫైలుగా మార్చడం, నేనే నేర్చుకుంటున్నాను. ఇప్పుడొక పెళ్లి ఆర్డరు వచ్చింది. బాటిల్ గ్రీన్ రా సిల్క్ జాకెట్టు, రెండు చేతుల మీదా తామరపువ్వు. రేకు మొదట్లో రాణీ రంగు, మధ్యలో లేత గులాబీ, కొసకు క్రీము రావాలి. కస్టమరు ఫోన్లో చూపించింది మగ్గం వర్క్ ఫొటో. "అచ్చం ఇలాగే కావాలి, రేటు మాత్రం కంప్యూటర్ వర్క్ రేటే" అంది. ఆ సంగతి వదిలేయండి.

మొదటిసారి మూడు రంగులకూ మూడు టాటామీ ఫిల్‌లు (జాగా అంతా వరసలుగా నింపే కుట్టు) పెట్టి, ఒకదాని మీదికి ఒకటి బాగా ఎక్కేలా చేశాను. పువ్వు అట్టముక్కలా బిరుసెక్కింది, చుట్టూ సిల్కంతా ముడతలు, రెండు సూదులు విరిగాయి. పైగా షేడ్ కలవలేదు, మెట్లు మెట్లుగా గీతలు. రెండోసారి ఒక వీడియో చూసి అకార్డియన్ స్పేసింగ్ (కుట్టు వరసల మధ్య గ్యాపు మెల్లగా మారుతూ పోవడం) పెట్టాను, ఒక రంగు 0.4 మి.మీ. నుంచి 2.0కి, రెండో రంగు తిరగేసి 2.0 నుంచి 0.4కి. ముడతలు పోయాయి కానీ ఇప్పుడు రేకు నడుము దగ్గర పచ్చ బట్ట కనిపిస్తోంది, అక్కడ గులాబీ మాసిపోయినట్టు, ఏదో బూడిద రంగులా ఉంది. స్క్రీన్ మీద మాత్రం అద్భుతంగా ఉంది! పెద్ద రేకు 65 మి.మీ. పొడవు, 28 మి.మీ. వెడల్పు. చిన్నవి 30 పొడవు, 9 వెడల్పు. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి, పది రోజుల్లో ఇవ్వాలి.

ఒక్కసూది:
దగ్గరగా ఫొటో తీసి పెట్టండి, వెనక వైపు కూడా. సూదులు విరిగాయంటే డెన్సిటీ (కుట్ల ఒత్తు) ఒక్కటే కారణం కాకపోవచ్చు, ఏ నంబరు సూది?

రాణీపింక్:
ఫొటోలు పెట్టాను. 75/11 సూది, 40 నంబరు పాలిస్టర్ దారం, కింద ఒక పొర బ్యాకింగ్ పేపర్. అండర్‌లే (పై కుట్టు కింద ముందుగా పడే పల్చటి కుట్టు) మూడు రంగులకూ ఆన్‌లోనే ఉంది, ఇప్పుడే చూసుకున్నాను.

సూరత్_తమ్ముడు:
అక్కా, ఆ చివరి ముక్కలోనే సగం జవాబు ఉంది. 40 నంబరు దారం పరిస్తే సుమారు 0.4 మి.మీ. వెడల్పు ఆక్రమిస్తుంది. అందుకే ఫిల్‌కి డెన్సిటీ 0.4 అంటాం, అంటే ఒక మిల్లీమీటరులో రెండున్నర వరసలు, దారం పక్కన దారం సరిగ్గా సర్దుకుని బట్ట మూసుకుపోతుంది. నువ్వు మూడు ఫిల్‌లూ 0.4లోనే పెట్టి ఒకదానిమీద ఒకటి ఎక్కించావు, ఎక్కిన చోట మిల్లీమీటరుకి ఏడున్నర వరసలు. పైగా మూడు అండర్‌లేలు. ఆ దారం ఎక్కడికి పోతుంది? బట్టను లాగి ముడత పెడుతుంది, సూది దిగడానికి చోటు లేక విరుగుతుంది.

షేడ్ కలపడమంటే రెండు డబ్బాల రంగు గిన్నెలో పోసి కలిపినట్టు కాదు. దారం దారమే, రాణీ రంగు దారం రాణీ రంగులోనే ఉంటుంది, క్రీము క్రీములోనే. మొత్తం వరసలు ఎప్పుడూ ఆ రెండున్నరే. అందులో ఏ రంగుకి ఎంత వాటా అన్నదే మనం మారుస్తాం, మిగతాది రెండడుగుల దూరం నుంచి చూసే కన్ను చూసుకుంటుంది. అండర్‌లే మొదటి రంగుకి ఒక్కసారే ఇవ్వు, పై రంగులన్నింటికీ తీసెయ్. రెండో రంగు కింద అండర్‌లే ఉంటే అది మొదటి రంగు మీద అడ్డదిడ్డంగా గీతలు గీస్తుంది, నీకు కనిపిస్తున్న మెట్లలో కొన్ని అవే.

మా నాన్నవాళ్లు సిరిసిల్ల నుంచి ఇక్కడికి మగ్గాల పనికి వచ్చారు. నెమలికంఠం చీర ఎలా నేస్తారో చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. రెండూ కలిసి మూడో రంగు కనిపిస్తుంది, చీర కదిపితే అటు ఒకటి ఇటు ఒకటి.

టెన్షన్_స్ప్రింగ్:
తమ్ముడు చెప్పింది కరెక్టే. ఆ వాటా లెక్క దగ్గరే మీ రెండో ప్రయత్నం దెబ్బతింది. ఈ తప్పు నేను రెండేళ్లు చేశాను, ఎవరూ చెప్పలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మనం డెన్సిటీ అని పిలిచే 0.4 నిజానికి డెన్సిటీ కాదు, వరసల మధ్య గ్యాపు. అంకె పెరిగితే పల్చన అవుతుంది. మీరు 0.4 నుంచి 2.0 అన్నారు, సాఫ్ట్‌వేర్ ఆ గ్యాపును సమానంగా పెంచుకుంటూ పోతే సరిగ్గా మధ్యలో గ్యాపు 1.2 అవుతుంది. రెండో రంగుకీ అక్కడ 1.2. ఇప్పుడు వరసలు లెక్కపెట్టండి. 1.2 గ్యాపు అంటే మిల్లీమీటరుకి 0.83 వరస, రెండు రంగులూ కలిపితే 1.67. కావలసింది 2.5. అంటే రేకు నడుము దగ్గర మూడో వంతు దారం తక్కువ, అందుకే బట్ట కనిపిస్తోంది. కొసల దగ్గర చూడండి. 0.4 ఉన్న రంగు 2.5 వరసలు, 2.0 ఉన్న రంగు ఇంకో సగం వరస, మొత్తం 3. అక్కడ ఎక్కువ. మొదలూ చివరా బొద్దుగా, నడుము సన్నగా, డమరుకంలా తయారైంది మీ రేకు.

మధ్యలో రెండు రంగులకూ గ్యాపు 0.8 ఉండాలి. 0.8 అంటే 1.25 వరస, రెండు కలిపితే 2.5, లెక్క సరిపోయింది. కాబట్టి రేకును ఒకే ముక్కగా కాకుండా నడుము దగ్గర రెండుగా కోయండి. మొదటి సగంలో రాణీ రంగు 0.45 నుంచి 0.8కి, రెండో సగంలో 0.8 నుంచి 3.0కి. పై రంగుకి ఇదే తిరగేసి. ముక్కలు కలిసే చోట ఒకదాని చివరి వరస, ఇంకోదాని మొదటి వరస ఒకేచోట పడకుండా చూసుకోండి, లేకపోతే అక్కడ చిన్న గట్టులా వస్తుంది. పావు వంతు దగ్గర ఇప్పటికీ కాస్త పల్చనే, లెక్క వేస్తే 0.47 గ్యాపు వస్తుంది, అది కంటికి ఆనదు.

ఇంకొకటి, రెండు రంగుల కుట్టు కోణం ఒకటే ఉండాలి. ఒకటి 45, ఇంకోటి 60 పెడితే గళ్లు గళ్లుగా దోమతెరలా కనిపిస్తుంది.

రాణీపింక్:
డమరుకం అన్నారు చూడండి, ఫొటో తిప్పి చూస్తే అచ్చం అలాగే ఉంది. నేను మాత్రం టెన్షన్ సరిగా లేదేమోనని బాబిన్ కేసు నట్టు తిప్పుతూ కూర్చున్నాను రెండు రోజులు. లెక్క ఇప్పటికి అర్థమైంది కానీ మూడు రంగులు కదా నావి?

టెన్షన్_స్ప్రింగ్:
రెండేసి చొప్పున ఆలోచించండి. మొదటి సగంలో రాణీ రంగు, లేత గులాబీ మాత్రమే. రెండో సగంలో లేత గులాబీ, క్రీము మాత్రమే. ఏ చోటా మూడు రంగులు కలవకూడదు. నడుము దగ్గర లేత గులాబీ ఒక్కటే నిండుగా 0.4లో ఉంటుంది, పైన చెప్పిన 0.8 లెక్క ప్రతి సగం మధ్యలోనూ విడివిడిగా వర్తిస్తుంది.

క్లిక్_క్లిక్:
ఇంత కష్టం ఎందుకండీ, ఫొటో పెట్టి ఆటో పంచింగ్ బటన్ నొక్కితే షేడ్లన్నీ అదే చేస్తుంది కదా

ఒక్కసూది:
చేస్తుంది బాబూ. 23 రంగులు, 400 ట్రిమ్‌లు. మెషిన్ తెల్లారేదాకా టక్ టక్ మని దారం కోసుకుంటూనే ఉంటుంది.

మగ్గం_మామ:
నేను మెషిన్ మనిషిని కాను, 22 ఏళ్లుగా మగ్గం మీద కూర్చునేవాణ్ణి, మా అబ్బాయి పంచింగ్ చేస్తాడు కాబట్టి ఇక్కడ చూస్తుంటాను. అమ్మాయ్, నీ ఫొటోలో నాకు వేరే సంగతి కనిపిస్తోంది. దారం రేకుకి అడ్డంగా పోతోంది. తామర రేకు ఎప్పుడైనా దగ్గరగా చూశావా? ఈనెలు మొదలు నుంచి కొస దాకా నిలువుగా ఉంటాయి. మేం చేత్తో వేసేటప్పుడు దారం నిలువుగానే పోతుంది. ఒక కుట్టు పొడుగు, పక్కది పొట్టి, మళ్లీ పొడుగు. రెండో రంగు ఆ పొట్టివాటి సందుల్లోకి దిగుతుంది. రంగు ఎక్కడ మారిందో నువ్వు వేలు పెట్టి చూపించలేవు. నీ కస్టమరు చూపించిన ఫొటోలో ఉన్నది అదే.

సూరత్_తమ్ముడు:
మామ చెప్పింది అసలు పాయింట్, నాకు తట్టలేదు. అకార్డియన్‌లో వరసల మధ్య గ్యాపు మారుతుంది కాబట్టి షేడ్ ఎప్పుడూ కుట్టుకి అడ్డ దిశలోనే నడుస్తుంది. మొదలు నుంచి కొసకు రంగు మారాలంటే కుట్టు రేకుకి అడ్డంగానే పడాలి, వేరే దారి లేదు. కుట్టు నిలువుగా ఉండాలంటే అకార్డియన్ పనికిరాదు, జాగ్డ్ ఎడ్జ్ వాడాలి. విల్‌కామ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ పేరుతోనే ఉంటుంది, అంచును రంపపు పళ్లలా పొట్టీ పొడుగూ చేస్తుంది, మామ చెప్పిన కుట్టే.

9 మి.మీ. రేకుల్లో అకార్డియన్ అసలు పెట్టకు. అంత చిన్న జాగాలో 3.0 గ్యాపు అంటే ఏవో కొన్ని గీతలే పడతాయి, అది షేడ్ కాదు, గోరుతో గీకినట్టుంటుంది. వాటికి నిలువు కుట్టు, జాగ్డ్ ఎడ్జ్, రెండు రంగులు చాలు. ఒకదానిలోకి ఒకటి 3 మి.మీ. దాకా చొరబడనీ. పెద్ద రేకు ఎలా చెయ్యాలన్నది నీ ఇష్టం, రెండూ వేసి చూడు.

రాణీపింక్:
మామయ్యగారూ, మా ఇంటి వెనక చెరువులో తామరలే ఉన్నాయి, ఇన్నాళ్లూ చూడలేదు నేను. రేపు పొద్దున్నే వెళ్తాను.

డాలస్_పిన్ని:
నేను ఇక్కడ ఇంట్లో పెట్టుకున్న చిన్న ఒంటి సూది మెషిన్ మీద పిల్లల లంగాలకీ కుర్తీలకీ వేస్తుంటాను, అమ్మకానికి కాదు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేనివాళ్లు ఎవరైనా చదువుతుంటే, ఇంక్‌స్టిచ్ అని ఇంక్‌స్కేప్ (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) మీద పనిచేసేది ఉచితంగా దొరుకుతుంది, ఫిల్ పారామీటర్లలో ఎండ్ రో స్పేసింగ్ అని ఉంటుంది, అది ఇస్తే గ్యాపు ఒక చివర నుంచి ఇంకో చివరకు మారుతూ పోతుంది. పై లెక్క దానికీ వర్తిస్తుంది.

నా చిట్కా ఒకటి. దారం రీళ్లు పక్కపక్కన పెట్టి ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీయండి. మూడు రీళ్లూ ముదురు, మధ్య, లేత బూడిద రంగుల్లో సమానమైన మెట్లుగా కనిపిస్తే బాగా కలుస్తాయి. మొదటి రెండూ ఒకేలా కనిపించి మూడోది తెల్లగా దూకితే, మీరు ఏ డెన్సిటీ పెట్టినా అక్కడ గీత కనిపిస్తుంది. షేడ్ కార్డులో పక్క పక్క నంబర్లు కదా అని కొంటాం, కానీ కార్డు మీద పక్కన ఉన్నంత మాత్రాన వెలుగులో పక్కన ఉండాలనేం లేదు. రాణీపింక్ గారూ, మీ ఫొటోను నేను అలా మార్చి చూశాను. రాణీ రంగుకీ లేత గులాబీకీ మధ్య చాలా దూరం ఉంది. ఇంకో గులాబీ కావాలి మీకు.

రాణీపింక్:
పిన్నీ, ఇప్పుడే తీసి చూశాను, నిజమే. రాణీ రంగు దాదాపు నల్లగా ఉంది, మిగతా రెండూ తెల్లగా ఒకేలా ఉన్నాయి! ఆ లేత గులాబీ రీలు తెచ్చేటప్పుడు షాపులో ట్యూబులైటు కింద చూశాను మరి.

టెన్షన్_స్ప్రింగ్:
ట్యూబులైటు కింద కొన్న దారం పెళ్లి పందిట్లో మారుతుంది. గడప బయటికి వెళ్లి చూసి కొనండి.

బూడిద రంగు సంగతి ఎవరూ మాట్లాడలేదు. గులాబీ, పచ్చ ఎదురెదురు రంగులు. సన్న సన్న గీతలుగా పక్కపక్కన పడితే కన్ను రెండింటినీ కలిపేసి మట్టి రంగు చూపిస్తుంది. మీ నడుము దగ్గర జరిగింది అదే. గులాబీ దారం సందుల్లోంచి పచ్చ బట్ట తొంగిచూస్తోంది. నెమలికంఠంలో నీలం, పచ్చ చుట్టాలు కాబట్టి కలిస్తే అందంగా ఉంటాయి, ఇక్కడ చుట్టరికం లేదు. డెన్సిటీ లెక్క సరిచేస్తే చాలావరకు పోతుంది, అయినా బాటిల్ గ్రీన్ మీద నేనైతే ముందు రేకు మొత్తానికి లేత గులాబీతో ఒక పల్చటి పరుపు వేస్తాను, 1.0 గ్యాపుతో, పై కుట్టుకి అడ్డ కోణంలో. అదే అండర్‌లే పని కూడా చేస్తుంది, వేరే అండర్‌లే అక్కర్లేదు. సందులోంచి ఏదైనా కనిపించినా గులాబీయే కనిపిస్తుంది.

ఒక్కసూది:
పరుపు వేస్తే పైన 0.4 కాకుండా 0.45 చాలు. లేకపోతే మళ్లీ అట్టముక్కే.

రాణీపింక్:
ఇంకో డౌటు. లేత రంగు ముందు వెయ్యాలా, ముదురు ముందా?

సూరత్_తమ్ముడు:
లేతది ముందు. ముదురు రంగు పైన వస్తే దాని కొసలు స్పష్టంగా, సన్నగా కనిపిస్తాయి.

మగ్గం_మామ:
మేం ముదురుతో మొదలుపెట్టి లేతతో ముగిస్తాం. వెలుగు పైన పడాలి కదా.

సూరత్_తమ్ముడు:
మామా, మెషిన్‌లో అలా వేస్తే లేత దారం సందుల్లోంచి కింది ముదురు నీడలా కనిపిస్తుంది. క్రీము దారం అయితే మరీను.

మగ్గం_మామ:
కనిపించనీ. పువ్వుకి నీడ ఉండదా?

టెన్షన్_స్ప్రింగ్:
ఈ గొడవ తేలదు. రెండో రంగు ఏదైతే అది పైకి తేలి కనిపిస్తుంది, అంతవరకు ఖాయం. రెండు రకాలుగా చిన్న ముక్క వేసి కస్టమరుకి ఏది నచ్చితే అది. కానీ శాంపిల్ అదే రా సిల్క్ మీద, అదే పేపరుతో వేయండి. పాత కాటన్ ముక్క మీద వేసి సంబరపడితే లాభం లేదు, సిల్కు లాగే తీరు వేరు.

కొత్తమెషిన్_వరంగల్:
ఈ తామర ఫైల్ పెట్టండి ప్లీజ్

ఒక్కసూది:
కొత్తమెషిన్ గారూ, ఆవిడ ఫైలు ఇచ్చినా డీఎస్‌టీ అయితే అందులో రంగులుండవు, ఎక్కడ ఆగి రంగు మార్చాలో మాత్రమే ఉంటుంది. మీ మెషిన్‌లో ఏ సూదికి ఏ దారం ఉంటే అదే వస్తుంది, తామర కాస్తా నీలంగా పూస్తుంది. పైగా మీరు దాన్ని మీ చేతి కొలతకి 20 శాతం పెంచారనుకోండి, కుట్లు అన్నే ఉండి 0.40 గ్యాపు 0.48 అవుతుంది, ఇంత లెక్కా గంగలో కలుస్తుంది. షేడ్ ఉన్న డిజైన్ సైజు మార్చాలంటే అసలు ఫైల్లోనే మార్చాలి.

రాణీపింక్:
ఐదు రోజుల తర్వాత వచ్చాను. మొత్తం పదకొండు శాంపిళ్లు వేశాను, ఫొటోలు కింద ఉన్నాయి, వరసగా చూడండి, మొదటిది చూసి నవ్వకండి.

చెరువు దగ్గరికి వెళ్లాను. ఒక రేకు తుంపి ఇంటికి తెచ్చి టేబుల్ మీద పెట్టుకుని చూస్తే, రంగు నేను గీసినట్టు మొదట్లో ముదురుగా లేదు, కొస దగ్గరే ముదురు, మొదట్లో దాదాపు తెలుపు. కస్టమరు ఫొటోలో తిరగేసి ఉంది, ఆవిడకి అదే కావాలంది, సరే. కానీ ఈనెల మీద రంగు ఒకే గీత దగ్గర మారడం లేదు, ఒక్కో ఈనె దగ్గర ఒక్కో ఎత్తులో మారుతోంది. అది చూశాక జాగ్డ్ ఎడ్జ్ 3 మి.మీ. నుంచి చిన్న రేకులకి 5, పెద్ద రేకులకి 8 దాకా పెంచాను. అప్పుడు కలిసింది!

చివరికి పెద్ద రేకులకీ నిలువు కుట్టే పెట్టాను, కింద లేత గులాబీ పరుపు 1.0, పైన నాలుగు రంగులు. పిన్ని చెప్పినట్టు మధ్యలో ఇంకో గులాబీ కొన్నాను, గడప బయట చూసి. అకార్డియన్‌ను వెనక ఉన్న తామరాకుకి వాడాను. చిలకపచ్చ నుంచి రామా గ్రీన్‌కి, సగానికి కోసి 0.45, 0.8, 3.0. అక్కడ అది భలే కుదిరింది, ఆకు మీద వెలుగు పడినట్టుంది. ముదురు ముందా లేత ముందా అంటే, మామయ్యగారి పద్ధతిలో వేసింది కస్టమరు ఎంచుకుంది. తమ్ముడూ, ఏమనుకోకు.

మెషిన్ స్పీడు నిమిషానికి 850 కుట్ల నుంచి 650కి తగ్గించాను. ఒక్క సూదీ విరగలేదు.

మగ్గం_మామ:
ఏడో ఫొటో కూడా బాగుందమ్మాయ్, ఎందుకు వదిలేశావు? పదకొండోది మాత్రం ఆరడుగుల దూరం నుంచి చూస్తే మా వాళ్లు వేసిందే అనుకుంటాను. దగ్గరికి వస్తే తెలుస్తుంది, నీ కుట్లన్నీ మరీ బుద్ధిగా ఉన్నాయి.

సూరత్_తమ్ముడు:
ఏమీ అనుకోను అక్కా, మామ గెలిచాడు ఈసారికి. రెండో చెయ్యి కూడా అయిపోయిందా?

రాణీపింక్:
అయిపోయింది, కానీ సగంలో క్రీము రీలు అయిపోయింది. అదే నంబరు కొత్తది తెస్తే లాట్ వేరు, పక్కపక్కన పెడితే కాస్త పసుపు తిరిగింది. గుండె ఆగినంత పనైంది. వేశాక చూస్తే ఎవరికీ తెలియడం లేదు, గులాబీలోకి పళ్లుపళ్లుగా దిగింది కదా, కలిసిపోయింది. మామూలు ఫిల్ అయితే దొరికిపోయేదాన్ని.

ఇంకో మాట. కస్టమరుకి ఎంత నచ్చిందంటే, ఇదే తామర నెట్ ఓణీ మీద కూడా కావాలంది.

టెన్షన్_స్ప్రింగ్:
నెట్ మీద వద్దు. అక్కడ ఆకులోని 3.0 గ్యాపు కుట్టుకి పట్టుకోవడానికి బట్టే ఉండదు, సగం సూదిపోట్లు రంధ్రాల్లోనే పడతాయి. నీళ్లలో కరిగే ఫిల్మ్ కిందా పైనా పెట్టి, షేడ్ మానేసి విడివిడి రేకులుగా అయితే చెయ్యొచ్చు. ఒప్పుకునే ముందు ఆవిడకి చెప్పండి.

రాణీపింక్:
అడ్వాన్సు తీసేసుకున్నానండీ. నెట్ ముక్కా, ఫిల్మూ తెచ్చుకున్నాను, రేపు శాంపిల్ వేసి ఇక్కడే పెడతాను.